వైఫై జాలం పేరు: ముప్పైరెండు బైట్ల చరిత్ర, యాప్ నిర్మాణంలో భద్రత

వ్యాససంగ్రహం

వైఫై జాలానికి పెట్టే పేరును సాంకేతిక పరిభాషలో 'ఎస్‌ఎస్‌ఐడి' అంటారు. 1997లో వెలువడిన ప్రమాణం ఈ పేరును గరిష్ఠంగా 32 బైట్ల వరుసగా మాత్రమే నిర్వచించింది. ఆ బైట్లు ఏ లిపికి చెందినవో, వాటిని ఎలా చదవాలో చెప్పలేదు. తరువాతి కాలంలో కార్యక్రమ రచయితలు ఆ బైట్లను పాఠ్యంగా, కొన్ని సందర్భాల్లో ఆజ్ఞగా, మరికొన్ని సందర్భాల్లో గుర్తింపు పత్రంగా స్వీకరించారు. గత మూడు దశాబ్దాలలో ఈ పేరు చుట్టూ బయటపడిన ప్రధాన భద్రతాలోపాలు చాలావరకు ఈ అపార్థాల నుంచే పుట్టాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు లిపిలో పెట్టిన పేర్ల విషయంలో ఈ చరిత్రకు ప్రత్యేక ప్రాధాన్యం ఉందని ఉదాహరణలతో నిరూపించడం దీని రెండవ ప్రయోజనం.

కీలకపదాలు: వైఫై, ఎస్‌ఎస్‌ఐడి, యూనికోడ్, యూటీఎఫ్-8, తెలుగు లిపి, యాప్ నిర్మాణం, సమాచార భద్రత, గోప్యత.

1. ప్రస్తావన

ఫోనులో వైఫై పట్టికను తెరిస్తే చుట్టుపక్కల ఇళ్ల పేర్లు, దుకాణాల పేర్లు, కళాశాల విభాగాల పేర్లు వరుసగా కనిపిస్తాయి. వాటిని చదివే మనిషికి అవి గోడమీది నామఫలకాల వంటివి. ఫోనులోని కార్యక్రమానికి మాత్రం అవి గాలిలో నుంచి, ముక్కూముఖం తెలియని యంత్రం నుంచి వచ్చిన సమాచారం. ఆ పేరును ఎవరైనా పెట్టవచ్చు. ఎవరి అనుమతీ అవసరం లేదు. ఒక పేరు ఒకరికే చెందాలన్న నియమం కూడా లేదు. పైగా ఆ పేరును అందుకోవడానికి ఫోను యజమాని ఏ మీటా నొక్కనక్కర లేదు. జాలాలను వెదికే పని ఫోను తనంతట తానే చేస్తూ ఉంటుంది.

సమాచార భద్రతపై వచ్చిన రచనల్లో సంకేతపదం గురించి, గూఢలిపి పద్ధతుల గురించి విస్తారమైన చర్చ ఉంది. పేరు గురించి చర్చ తక్కువ. పేరు కేవలం చూపడానికే కదా అన్న భావన దీనికి కారణం కావచ్చు. ఈ భావన ఎంతవరకు సరైనదో చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఇక్కడి ఉద్దేశం. భారతదేశంలో 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన 'పీఎం-వాణి' పథకం ఈ పరిశీలనను మన వీధుల్లోకి తెచ్చింది. ఆ పథకంలో చిన్న దుకాణదారు కూడా ప్రజా వైఫై కేంద్రాన్ని నడపవచ్చు. చుట్టుపక్కల ఉన్న నమోదిత కేంద్రాలను కనిపెట్టి వినియోగదారునికి చూపే పని యాప్ నిర్మాతది. అంటే పేర్లను చదవడం, పోల్చడం, చూపడం అనే మూడు పనులూ ఇప్పుడు అనేక యాప్‌ల బాధ్యతగా మారాయి.

2. పేరు పుట్టుక: 1985–1999

అమెరికా సమాచార ప్రసార నియంత్రణ సంస్థ 1985లో కొన్ని రేడియో పౌనఃపున్యాలను లైసెన్సు లేకుండా వాడుకునే వీలు కల్పించింది. ఈ నిర్ణయం వల్ల నిస్తంత్రీ పరికరాల తయారీ ఊపందుకొంది. అయితే ఒక సంస్థ పరికరం మరొక సంస్థ పరికరంతో మాట్లాడలేని స్థితి ఏర్పడింది. ఈ చిక్కును తీర్చడానికి ఐఈఈఈ సంస్థ 1990లో 802.11 కార్యబృందాన్ని నెలకొల్పింది. విక్ హేస్ ఆ బృందానికి అధ్యక్షత వహించారు. ఏడేళ్ల చర్చల తరువాత 1997లో మొదటి ప్రమాణం వెలువడింది. 1999లో పరిశ్రమల కూటమి ఒకటి ఏర్పడి, 'వైఫై' అన్న వ్యాపార నామాన్ని ప్రచారంలోకి తెచ్చింది. భారతదేశంలో 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీని లైసెన్సు నుంచి మినహాయిస్తూ 2005లో నియమాలు వెలువడ్డాయి. ఇళ్లలోకి వైఫై రావడానికి ఇక్కడ దారి తెరిచినది ఆ మినహాయింపే.

తీగ ఉన్న జాలంలో పేరు అవసరం అంతగా ఉండదు. తీగ ఎక్కడ తగిలిస్తే అదే జాలం. తీగ లేనప్పుడు ఒకే గదిలో పది జాలాల తరంగాలు కలిసి ఉంటాయి కాబట్టి, ఏది ఏదో తెలియడానికి ఒక చిహ్నం కావాలి. ప్రమాణం ఆ చిహ్నాన్ని అతి క్లుప్తంగా రూపొందించింది. ప్రసార కేంద్రం సాధారణంగా సెకనుకు సుమారు పదిసార్లు 'బీకన్' అనే ప్రకటనను పంపుతుంది. అందులో పేరు కోసం మూడు భాగాలు ఉంటాయి: ఇది పేరు అని తెలిపే ఒక బైటు, పేరు పొడవును తెలిపే ఒక బైటు, ఆ తరువాత పేరు. పేరు పొడవు సున్నా నుంచి 32 బైట్ల వరకు ఉండవచ్చు.

ఈ నిర్మాణంలో రెండు విషయాలు గమనించదగినవి. మొదటిది, పొడవును తెలిపే బైటు 0 నుంచి 255 వరకు ఏ సంఖ్యనైనా మోయగలదు. ప్రమాణం మాత్రం 32ను హద్దుగా నిర్ణయించింది. అంటే హద్దు నియమంలో ఉందే తప్ప నిర్మాణంలో లేదు. రెండవది, పేరులోని బైట్లు ఏ అక్షర సంకేతావళికి చెందినవో ప్రమాణం చెప్పలేదు. సున్నా విలువగల బైటు కూడా పేరులో భాగం కావచ్చు. 2012 నాటి ప్రమాణ సంచికలో 'ఈ పేరు యూటీఎఫ్-8లో ఉంది' అని ప్రకటించే ఒక సూచిక కనిపిస్తుంది. అప్పటికే పదిహేనేళ్ల పాటు పేర్లు ఎవరికి తోచిన సంకేతావళిలో వారు పెట్టుకొన్నారు. ఆ సూచికను పంపడం కూడా తప్పనిసరి కాదు. ఈ రెండు లక్షణాల ఫలితాలే తరువాతి చరిత్ర.

3. ముప్పైరెండు బైట్లలో తెలుగు

కెన్ థామ్సన్, రాబ్ పైక్ 1992లో రూపొందించిన యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగు సంకేతాలు యూనికోడ్‌లో ఉన్న స్థానం వల్ల ఒక్కొక్కటీ మూడు బైట్లు తీసుకొంటుంది. అచ్చు, హల్లు మాత్రమే కాక గుణింతపు గుర్తు, పొల్లు, సున్న కూడా విడివిడి సంకేతాలే. కాబట్టి 32 బైట్లలో పది తెలుగు సంకేతాలు పడతాయి. రెండు బైట్లు మిగులుతాయి.

'కళాశాల గ్రంథాలయం' అన్న పేరును ఉదాహరణగా తీసుకొందాం. మన లెక్కలో ఇది ఎనిమిది అక్షరాలు, ఒక ఖాళీ. యూనికోడ్ లెక్కలో 'కళాశాల' ఆరు సంకేతాలు, 'గ్రంథాలయం' తొమ్మిది సంకేతాలు. మొత్తం పదిహేను సంకేతాలకు 45 బైట్లు, ఖాళీకి ఒకటి, వెరసి 46 బైట్లు. ఈ పేరు హద్దులో ఇమడదు. ఒక యాప్ దీన్ని 32వ బైటు దగ్గర యాంత్రికంగా కత్తిరిస్తే 'కళాశాల గ్రం' వరకు మిగిలి, దాని వెనుక 'థ' సంకేతంలోని మొదటి బైటు ఒంటరిగా నిలుస్తుంది. ఆ ఒంటరి బైటుకు యూటీఎఫ్-8లో అర్థం లేదు. దాన్ని అందుకొన్న కొన్ని కార్యక్రమాలు ప్రశ్నార్థకాన్ని చూపుతాయి; కొన్ని పేరంతటినీ తిరస్కరిస్తాయి; కొన్ని ఆగిపోతాయి. అక్షరాల సంఖ్యను లెక్కించి '32 అక్షరాల లోపు రాయండి' అని వినియోగదారుకు చెప్పే యాప్ ఆంగ్ల పేర్ల దగ్గర సరిగ్గా పనిచేసి, తెలుగు పేరు దగ్గర విఫలమవుతుంది. పరీక్షించినవారు ఆంగ్ల పేర్లతోనే పరీక్షించి ఉంటే ఈ లోపం వారి కంటపడదు.

మరొక సూక్ష్మం ఉంది. తెలుగు ఐత్వం యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, ఎత్వపు గుర్తు కింద ఐత్వపు పొడిగింపు చేర్చిన రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. రెండింటినీ సమానంగా భావించాలని యూనికోడ్ ప్రమాణమే చెబుతుంది. 'వైద్యశాల' అన్న పదం మొదటి రూపంలో 24 బైట్లు, రెండవ రూపంలో 27 బైట్లు. కంటికి రెండూ ఒకటే. వైఫై ప్రమాణం దృష్టిలో అవి రెండు వేర్వేరు జాలాలు. పాఠ్యాన్ని ఏకరూపంలోకి మార్చడం మంచి అలవాటని కార్యక్రమ రచయితలు నేర్చుకొంటారు. ఇక్కడ ఆ మంచి అలవాటే హాని చేస్తుంది. ఎందుకంటే సాధారణ గృహ జాలాలలో వాడే డబ్ల్యూపీఏ2 పద్ధతిలో సంకేతపదాన్ని, పేరును కలిపి 4096 పర్యాయాలు మథించి తాళపు సంఖ్యను రూపొందిస్తారు. పేరులో ఒక్క బైటు మారినా తాళం మారుతుంది. యాప్ ఐత్వాన్ని 'సరిదిద్దితే' సంకేతపదం సరైనదే అయినా జాలం తెరుచుకోదు. కారణం వినియోగదారుకు ఎన్నటికీ అర్థం కాదు.

4. పొడవును నమ్మిన కార్యక్రమాలు

వచ్చిన సమాచారం నిర్ణీత హద్దులోనే ఉంటుందని నమ్మి మెమరీలో చోటు కేటాయించడం సంగణక చరిత్రలో పాత పొరపాటు. 1988 నవంబరులో అంతర్జాలాన్ని స్తంభింపజేసిన మోరిస్ పురుగు వాడుకొన్న మార్గాలలో ఇదొకటి. వైఫై పేరు విషయంలో ఇదే పొరపాటు తిరిగి తిరిగి కనిపిస్తుంది.

2015 ఏప్రిల్‌లో 'డబ్ల్యూపీఏ సప్లికెంట్' అనే కార్యక్రమంలో ఒక లోపం బయటపడింది. ఆండ్రాయిడ్ ఫోనులతో పాటు అనేక పరికరాలలో వైఫై సంబంధాన్ని నెలకొల్పే కార్యక్రమం ఇది. అలీబాబా భద్రతా బృందం కనుగొన్న ఈ లోపం పరికరాలు నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకొనే విభాగానికి సంబంధించినది. అక్కడ పేరుకు 32 బైట్ల చోటు కేటాయించి, అందులోకి నకలు చేసే ముందు పొడవును సరిచూడలేదు. పొడవు బైటు 255 అని చెబితే, కేటాయించిన చోటు దాటి 223 బైట్లు పక్క మెమరీలోకి పొర్లుతాయి. ఆ పక్క మెమరీలో ఏముందో దాన్నిబట్టి కార్యక్రమం ఆగిపోవడం నుంచి పరాయి ఆజ్ఞలు అమలు కావడం వరకు ఏదైనా జరగవచ్చు. నాలుగేళ్ల తరువాత, 2019లో, లినక్స్ కెర్నల్‌లో ఇటువంటి లోపమే మరొకటి నమోదైంది. పాత పద్ధతిలో పేరును తిరిగి అందించే ఒక భాగం దీర్ఘమైన పేరును తిరస్కరించకుండా నకలు చేసింది.

ప్రమాణం చదివిన రచయిత '32కు మించదు' అని తెలుసుకొంటాడు. తెలుసుకొన్నందువల్లనే తనిఖీ అనవసరమనుకొంటాడు. దాడి చేసేవాడు ప్రమాణాన్ని పాటించవలసిన అవసరం లేదన్న సంగతి అక్కడ మరుగున పడుతుంది. నిపుణులు రాసిన, విస్తృతంగా వాడుకలో ఉన్న కార్యక్రమాలలోనే ఈ లోపాలు బయటపడటం గమనార్హం.

దీనికి ఎదురుగా ఉన్న పొరపాటు కూడా పేర్కొనదగినది. సీ భాషలో పాఠ్యం సున్నా బైటుతో ముగుస్తుంది. వైఫై పేరులో సున్నా బైటు మధ్యలోనూ ఉండవచ్చు. పేరును సీ పాఠ్యంగా చదివిన కార్యక్రమం సగం పేరు దగ్గరే ఆగి, రెండు వేర్వేరు పేర్లను ఒకటిగా భావిస్తుంది. 'దాచిన' జాలాలు కొన్ని తమ పేరు స్థానంలో అంతే పొడవున్న సున్నా బైట్లను పంపుతాయి కాబట్టి ఇది అరుదైన పరిస్థితి కూడా కాదు.

5. చూపవలసిన పేరు, చెడగొట్టిన పేరు: 2018

2018 ఫిబ్రవరిలో తెలుగు లిపి అనుకోని కారణంతో ప్రపంచ వార్తల్లోకి ఎక్కింది. 'జ్ఞా' అన్న అక్షరంలో ఒత్తుకు, దీర్ఘానికి మధ్య కంటికి కనపడని 'కలపవద్దు' అనే యూనికోడ్ సంకేతం చేరితే, ఆపిల్ పరికరాలలో దాన్ని తెరమీద గీయబోయిన యాప్ కుప్పకూలింది. మామూలుగా రాసిన 'జ్ఞానం' వంటి పదాలకు ఏ ఇబ్బందీ లేదు. దేవనాగరి, బెంగాలీ లిపులలోనూ ఇటువంటి కూర్పులు కొన్ని ఇదే ఫలితాన్నిచ్చాయని తరువాత తేలింది. ఫిబ్రవరి 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6 ఈ లోపాన్ని సరిదిద్దింది.

లోపం అక్షరాలను గీసే వ్యవస్థది. కానీ పత్రికలు దీన్ని ఎక్కువగా 'తెలుగు అక్షరం ఫోనును పాడుచేస్తుంది' అన్న ధోరణిలో రాశాయి. సంయుక్తాక్షరాలను సమగ్రంగా పరీక్షించని తయారీ పద్ధతి నేపథ్యంలోకి వెళ్లి, లిపి ముద్దాయిగా నిలబడింది. వైఫై పేరుతో ఈ ఘటనకు ఉన్న సంబంధం స్పష్టమే. సందేశం అందాలంటే ఎవరో పంపాలి. పంపినవారిని నిరోధించే వీలుంటుంది. వైఫై పేరు మాత్రం పరిధిలో ఉన్న ప్రతి ఫోనుకూ అడగకుండానే చేరుతుంది. అక్షరాలను గీయడంలో ఉన్న ఏ లోపాన్నైనా పక్కగదిలో నుంచి పరీక్షించగల మార్గం అది.

ఇటువంటి ఘటనల తరువాత ఆంగ్లేతర అక్షరాలను తొలగించడమే భద్రత అన్న సులభమార్గం కొందరు యాప్ నిర్మాతలను ఆకర్షించవచ్చు. దాని ఫలితంగా తెలుగులో పేరు పెట్టుకొన్న గృహస్థు తన జాలాన్ని ఆ యాప్‌లో చూడలేడు. లిపిని వెలివేయడం భద్రత కాదు. లోపాన్ని లెక్కలో నుంచి తీసివేయడం మాత్రమే. అదుపు సంకేతాలను, దిశ మార్చే సంకేతాలను తెరమీద చూపే సమయంలో నిర్వీర్యం చేసి, లిపి అక్షరాలను ఉన్నవి ఉన్నట్లు గీయడం సాధ్యమే. 'కలపవద్దు' సంకేతం విషయంలో కొంత ఆలోచన అవసరం. తెలుగులో పరభాషా పదాలను పొల్లుతో రాయడానికి అది నిత్యం కావలసినదే. దాన్ని గుడ్డిగా తీసేస్తే 'సాఫ్ట్‌వేర్' వంటి పదాల రూపం మారిపోతుంది.

6. ఆజ్ఞగా మారిన పేరు: 2021

2021 జూన్‌లో కార్ల్ షౌ అనే భద్రతా పరిశోధకుడు ఒక విచిత్రమైన విషయాన్ని ప్రకటించారు. శాతం గుర్తులు, వాటి పక్కన కొన్ని ఆంగ్ల అక్షరాలు తప్ప మరేమీ లేని పేరుగల వైఫై జాలానికి ఐఫోనును కలిపితే ఫోనులో వైఫై పనిచేయడం మానివేసింది. ఫోనును ఆపి తిరిగి వెలిగించినా ఫలితం లేకపోయింది. జాల అమరికలను పూర్తిగా తుడిచివేస్తే తప్ప పరిస్థితి చక్కబడలేదు.

దీని వెనుక ఉన్న కారణం సీ భాషా సంప్రదాయంలోనిది. ఆ భాషలో పాఠ్యాన్ని కూర్చే ప్రమేయాలు మొదట ఒక నమూనాను తీసుకొంటాయి. నమూనాలోని శాతం గుర్తు 'ఇక్కడ ఫలానా విలువను పెట్టు' అనే ఆజ్ఞ. అటువంటి ఆజ్ఞలలో ఒకటి మెమరీలోకి రాయగలదు కూడా. నమూనా స్థానంలో పరాయి పాఠ్యాన్ని ఉంచితే ఆ పాఠ్యం ఆజ్ఞలు ఇవ్వసాగుతుంది. 2000 సంవత్సరంలో దస్త్రాల బదిలీకి వాడే ఒక ప్రసిద్ధ సర్వర్ కార్యక్రమంలో ఈ లోపం బయటపడిన తరువాత దీనిపై విస్తారమైన సాహిత్యం వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ల తరువాత అదే లోపం వైఫై పేరు ద్వారా తిరిగి ప్రవేశించింది. జాలాల వ్యవహారం చూసే అంతర్గత కార్యక్రమం పేరును నమూనా స్థానంలో ఉంచింది. దీనికి దగ్గర లోపం ఒకటి, వినియోగదారు జాలంలో చేరకుండానే పనిచేయగలదని, దాన్ని ఐఓఎస్ 14.4లో సరిచేశారని జెక్‌ఆప్స్ సంస్థ తెలిపింది. మిగిలినది 2021 జులైలో విడుదలైన ఐఓఎస్ 14.7లో సమసిపోయింది.

ఈ ఉదంతాన్ని ఒంటరి ప్రమాదంగా చూడరాదు. పేరును మరొక భాషలోని వాక్యంలో అతికించే ప్రతిచోటా ఇదే ముప్పు ఉంటుంది. రౌటరు నిర్వహణ పుటలో పేరును అలాగే పెడితే, కోణపు గుర్తులున్న పేరు ఆ పుటలో లిపికార్యక్రమంగా నడుస్తుంది. దత్తాంశ నిధిని ప్రశ్నించే వాక్యంలో పెడితే కొటేషన్ గుర్తు ఆ వాక్యాన్ని మార్చివేస్తుంది. నమోదు పుస్తకంలో రాస్తే పంక్తి మార్పు సంకేతం ఒక దొంగ నమోదును సృష్టిస్తుంది. వైఫై వివరాలను పంచుకొనే క్యూఆర్ సంకేతంలో అర్ధవిరామం, రెండు చుక్కలు విభాజకాలు. పేరులో అవి ఉంటే ముందు వెనుకవాలు గీత చేర్చాలన్న నియమం ఉంది. దాన్ని పాటించని యాప్ పేరులోని ఒక ముక్కను సంకేతపదంగా చదవవచ్చు. అన్నిచోట్లా చికిత్స ఒకటే: పేరును విలువగా అందించాలి, వాక్యంలో భాగంగా కూర్చరాదు, కూర్చక తప్పనప్పుడు ఆ స్థానానికి చెందిన రక్షణ నియమాన్ని ఆ స్థానంలోనే వర్తింపజేయాలి. పేరు అందిన వెంటనే అన్ని రకాల గుర్తులనూ ముందుగానే మార్చి భద్రపరిస్తే అసలు పేరు పోతుంది, ఏ స్థానానికీ పూర్తి రక్షణ రాదు.

7. పేరును నమ్మడం: 2005–2024

ఫోను తాను ఒకసారి కలిసిన జాలం పేరును గుర్తుంచుకొని, మళ్లీ ఆ పేరు వినబడితే కలవడానికి ప్రయత్నిస్తుంది. డినో డై జోవి, షేన్ మెకాలే 2005లో ప్రచురించిన పరిశోధన ఈ సౌకర్యంలోని ప్రమాదాన్ని వివరించింది. ఆనాటి పరికరాలు తమకు తెలిసిన పేర్లను తామే పిలుస్తూ వెదికేవి. వారు రూపొందించిన 'కర్మ' అనే ఉపకరణం ఏ పేరు పిలిచినా 'నేనే అది' అని బదులు పలికేది. తాళం లేని జాలాల విషయంలో పరికరం ఆ మాటను నమ్మి కలిసిపోయేది. జాలం పేరును ప్రకటించకుండా దాచిపెడితే భద్రత పెరుగుతుందన్న సలహా ఇక్కడ తిరగబడుతుంది. పేరు దాచిన జాలాన్ని కనుగొనడానికి ఫోను వెళ్లిన ప్రతిచోటా ఆ పేరును పిలవవలసి వస్తుంది.

2024 మేలో బెల్జియంలోని కేయూ లూవెన్ పరిశోధకులు హెలోయిజ్ గోలియే, మాథీ వాన్‌హూఫ్ మరొక పొరను బయటపెట్టారు. డబ్ల్యూపీఏ2 గృహ పద్ధతిలో పేరు తాళపు సంఖ్యలో భాగమని పైన చూశాం. కొన్ని ఇతర ధ్రువీకరణ పద్ధతులలో అలా లేదు. అటువంటిచోట రెండు జాలాలకు ఒకే ఆధారాలు ఉంటే, తెరమీద ఒక పేరు చూపుతూ ఫోనును మరొక జాలంలో కలిపించవచ్చు. తెలిసిన జాలంలో ఉన్నప్పుడు రక్షిత మార్గాన్ని, అంటే వీపీఎన్‌ను, తనంతట తానే ఆపివేసే యాప్‌లకు ఇది సూటిగా తగులుతుంది. పేరు ఒకటే అయితే చోటూ ఒకటే అని అవి నమ్ముతాయి.

రూపసామ్యం ఈ ముప్పుకు తోడవుతుంది. తెలుగు సున్న, తెలుగు అంకె సున్న కంటికి దాదాపు ఒకటే. తెలుగు, కన్నడ లిపులలో అనేక అక్షరాలు ఒకే పోలికలో ఉంటాయి. దుకాణం పేరులో ఒక అక్షరాన్ని పొరుగు లిపి అక్షరంతో మార్చి జాలం ప్రకటిస్తే చూసేవారు పసిగట్టలేరు. ప్రజా వైఫై కేంద్రాలను చూపే యాప్ పేరును మాత్రమే పోల్చి 'ఇది నమోదితం' అని ముద్ర వేస్తే, ఆ ముద్ర నకిలీకి కూడా పడుతుంది. బైట్లన్నీ సరిపోయినా సరే, పేరును ఎవరైనా పెట్టవచ్చు కాబట్టి, పోలిక రుజువు కాజాలదు. రుజువు కేంద్రంలోని ధ్రువపత్రం నుంచి, గూఢలిపి సంబంధం నుంచి రావాలి.

8. చిరునామాగా మారిన పేరు: 2010–2022

వీధిలో వినబడే జాలాల పేర్లను, వాటి యంత్ర సంఖ్యలను పటంతో జోడిస్తే ఫోను ఎక్కడుందో ఉపగ్రహం సాయం లేకుండానే తెలుస్తుంది. 2010 మేలో గూగుల్ సంస్థ తన వీధి చిత్రాల వాహనాలు వైఫై పేర్లతో పాటు, తాళం లేని జాలాలలో ప్రయాణిస్తున్న సమాచార శకలాలను కూడా సేకరించాయని అంగీకరించింది. అనేక దేశాలలో విచారణలు జరిగాయి. 2011 నవంబరులో అదే సంస్థ, పేరు చివర 'నోమ్యాప్' అన్న గుర్తు తగిలించినవారి జాలాన్ని తన స్థాన నిధి నుంచి తొలగిస్తానని ప్రకటించింది. 2015లో మైక్రోసాఫ్ట్ తన జాలాలు పంచుకొనే సౌకర్యానికి 'ఆప్టౌట్' అన్న గుర్తును కోరింది. 32 బైట్ల హద్దులో గోప్యతను కోరుకొనే హక్కు కూడా ఇరుక్కొంది. తెలుగులో పేరు పెట్టుకొన్న ఇంటివారికి ఈ ఆంగ్ల ప్రత్యయాలు మరింత చోటును హరిస్తాయి.

వేదికల నిర్వాహకులు క్రమంగా ఈ సంగతిని గుర్తించారు. 2015 నాటి ఆండ్రాయిడ్ 6లో చుట్టుపక్కల జాలాల పట్టిక పొందడానికి స్థాన అనుమతి అవసరమైంది. ఆ తరువాతి సంచికలు కలిసి ఉన్న జాలం పేరుకు కూడా ఆ నిబంధనను విస్తరించాయి. 2019 నాటి ఐఓఎస్ 13లో ప్రస్తుత జాలం పేరు తెలుసుకోవడానికి స్థాన అనుమతి గాని, నిర్ణీత మినహాయింపు గాని ఉండాలి. 2022 నాటి ఆండ్రాయిడ్ 13 స్థానంతో నిమిత్తం లేని అవసరాలకు వేరు అనుమతిని ప్రవేశపెట్టింది. అదే సంచికలో పేరును పాఠ్యంగా కాక బైట్ల వరుసగా అందించే కొత్త రూపం వచ్చింది. పట్టికలోని పాత పాఠ్యరూపాన్ని వాడవద్దని సూచించారు. 1997 నాటి నిర్వచనంలో ఉన్నదే పాతికేళ్ల తరువాత యాప్ నిర్మాతల చేతికి చేరిందని చెప్పవచ్చు.

పాత పాఠ్యరూపం నేర్పే పాఠం ఒకటి ఉంది. ఆండ్రాయిడ్‌లో కలిసి ఉన్న జాలం పేరు యూటీఎఫ్-8గా చదవగలిగితే జంట కొటేషన్ల మధ్య, లేకుంటే కొటేషన్లు లేని షోడశాంశ సంఖ్యలుగా వచ్చేది. అనుమతి లేకుంటే 'పేరు తెలియదు' అన్న అర్థమిచ్చే స్థిరమైన ఆంగ్ల మాట వచ్చేది. చాలామంది నిర్మాతలు కొటేషన్లను అలంకారమనుకొని తొలగించారు. వాటితోపాటు పేరుకూ, సంఖ్యలకూ, 'తెలియదు' అన్న మాటకూ మధ్య ఉన్న తేడా కూడా తొలగిపోయింది.

భారతదేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, ఒక వ్యక్తిని గుర్తించగల సమాచారాన్ని వ్యక్తిగత సమాచారంగా నిర్వచించింది. ఇంటిపేరుతోనో, ఫ్లాటు సంఖ్యతోనో పెట్టిన జాలం పేరు ఆ నిర్వచనానికి చాలా దగ్గరలో ఉంటుంది. యాప్ దోష నివేదికలలో ఆ పేర్లను యథాతథంగా పంపడం నిర్మాతకు చిన్న సౌకర్యం. వినియోగదారుకు తాను తిరిగిన చోట్ల జాబితా.

9. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

ఒకటి: పేరును అందిన బైట్ల రూపంలోనే భద్రపరచి, బైట్లతోనే పోల్చాలి. ఏకరూపంలోకి మార్చడం, అంచుల ఖాళీలు తీసివేయడం, అక్షరాల లెక్కతో కత్తిరించడం తగవు.

రెండు: పొడవు 32కు మించితే, నకలు చేయకముందే తిరస్కరించాలి. పేరు పెట్టే తెరమీద హద్దును బైట్లలో లెక్కించి, తెలుగు పేరుతో కూడా పరీక్షించాలి.

మూడు: పాఠ్యంగా మార్చడం తెరమీద చూపే క్షణంలోనే జరగాలి. చదవలేని బైట్లకు నిర్దిష్టమైన ప్రత్యామ్నాయ రూపం ఉండాలి.

నాలుగు: నమూనా, పుట, ప్రశ్నావాక్యం, దస్త్రం పేరు, క్యూఆర్ సంకేతం, వీటిలో ఎక్కడ పెట్టినా ఆ చోటుకు తగిన రక్షణ కావాలి.

అయిదు: పేరు గుర్తింపుకు ఆధారం కాదు. భద్రతా నిర్ణయాన్ని పేరుపై నిలపరాదు.

ఆరు: పేరు స్థాన సమాచారం. అవసరం లేనిదే అడగరాదు, అవసరం తీరాక ఉంచరాదు.

ఈ ఆరింటిలో ఏదీ కొత్త ఆవిష్కరణ కాదు. మొదటి రెండూ 1997 నిర్వచనంలోనే ఇమిడి ఉన్నాయి. నాలుగవది 2000 నాటికే తెలిసినది. అయిదవది 2005లో నిరూపితమైనది. అయినా 2015లో, 2019లో, 2021లో లోపాలు పునరావృతమయ్యాయి. జ్ఞానం లేక కాక, పేరు అల్పమైన విషయమన్న భావన వల్ల ఇలా జరిగిందని చెప్పడం సమంజసం. మన కళాశాలల్లో కార్యక్రమ రచన బోధించేవారు ప్రయోగశాల జాలానికి ఒక తెలుగు పేరు పెట్టి, విద్యార్థులు రాసిన యాప్‌లను ఆ పేరుతో నడిపించి చూడవచ్చు. పదకొండవ సంకేతం దగ్గర ఏం జరుగుతుందో వారే గమనిస్తారు. తెలుగు లిపి ఆ పరీక్షలో సమస్యగా కాక, కొలమానంగా ఉపయోగపడుతుంది.